నాన్న కొట్టిన ఊఁ

సోమవారం
కుట్టు మిషను ముందు నుంచి

వినపడని మా నాన్నకి,

వందనాలు తర్వాత పెడతాను, ముందు నన్ను తిట్టనీ. నిన్న ములాఖత్‌లో ఇనప జాలీకి అవతల నువ్వు, ఇవతల నేను. నా పక్కన ఇంకా బోలెడుమంది ఆడవాళ్ళు వాళ్ళ వాళ్ళ మొగుళ్ళతో, కొడుకులతో అరుస్తూ మాట్లాడుతున్నారు. నేను గొంతు చించుకుని "తిన్నావా నాన్నా?" అంటే ఊఁ అన్నావు. "ఒంట్లో బాగుందా?" ఊఁ. "లాయరుగారు వచ్చారా?" ఊఁ. నాకు అనుమానం వచ్చి "నువ్వు మనిషివా, గేదెవా?" అని అడిగాను. దానికీ ఊఁ అన్నావు. పక్కనున్న ఆవిడ అంత ఏడుపులోనూ ఫక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బస్సెక్కేదాకా ఎలాగో ఆపుకుని, ఎక్కాక కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో నీకు వినపడదు, జాలీ దగ్గర అసలే వినపడదు, కళ్ళయితే భేషుగ్గా ఉన్నాయి. జైలు వాళ్ళు చదివాకే నీకిస్తారట. చదవనీ. మనం దాచుకునేది ఏముంది?

ఆ సాయంత్రం బుల్లయ్యగారి కల్లంలో ఏం జరిగిందో నేను చూడలేదు. ఊరంతా చెప్పుకునేది ఒక్కటే. ఎండిన మిర్చిని టిక్కీలకి, అదే గోతాలకి, ఎత్తి లోడు వెయ్యడానికి ట్రాక్టరు ట్రక్కుని వెనక్కి తీస్తుంటే, వెనకాల టార్పాలిన్ పట్టాలు మడతపెడుతున్న యాస్మిన్ దాని కింద పడి చనిపోయింది. కోతలకని కర్నూలు వైపు నుంచి తండ్రితో వచ్చిన పిల్ల. నాకు ఆ పిల్ల తెలుసు నాన్నా. మొన్ననే ఒక జాకెట్టు కుట్టించుకుని, చేతులు బిగుతయ్యాయక్కా అంటూ మళ్ళీ తెచ్చింది. ఆ జాకెట్టు ఇంకా నా దగ్గరే ఉంది. ట్రక్కు వెనక్కి వస్తుంటే ఆ పిల్ల అరిచే ఉంటుంది, "చెవిటోడు తోలుతుంటే అరిస్తే మాత్రం ఏం వినపడుద్ది" అంటున్నారు జనం. చెవులు వినపడవని తెలిసి కూడా బండెక్కావని నీ మీద పెద్ద సెక్షన్ పెట్టారు.

నువ్వు తోలలేదు. ఎవరు తోలారో దేవుడికి తెలియాలి గానీ నువ్వు మాత్రం కాదు. చీమకుర్తిలో రాయి కోసే యూనిట్లో ఆ రంపం పక్కన నీ వయసంతా పోసి, చెవులు పోగొట్టుకుని వచ్చాక, వెనక ఏముందో నాకు తెలియదమ్మా అని సైకిలు తొక్కడం కూడా మానేసినవాడివి. కల్లం కాపలాకి తప్ప ఇంకో పనికి ఒప్పుకోలేదు. అలాంటివాడివి ట్రాక్టరెక్కుతావా? నీ అల్లుడు కరుణాకర్‌ని అడిగాను, ఆ బండికి డ్రైవరు తనే కదా. "నేను టీకని సెంటర్లోకి పోయా, వచ్చేతలికి గోలగోలగా ఉంది. మావయ్యే జరిపాడేమో, నేను చూళ్ళా" అన్నాడు. మనిషి చాలా దిగులు పడిపోయాడు. ఎప్పుడూ చెవుల్లో ఆ ఫోను వైర్లు పెట్టుకుని, నేను నాలుగుసార్లు పిలిస్తే గానీ పలకని మనిషి, ఇంట్లో నాకు ఇద్దరు చెవిటోళ్ళు అని నేను దెప్పేదాన్ని చూడు, ఇప్పుడు పాటలే మానేశాడు. నీ మీద బెంగే అనుకుంటున్నా.

అసలు తప్పంతా నీ ఊఁ దే. ఎస్సైగారు వచ్చి "నువ్వేనా తోలింది?" అంటే ఊఁ అన్నావట. నీ సంగతి ఆయనకేం తెలుసు? ఏంటి, మళ్ళీ చెప్పు అని అడిగితే చెవిటోడంటారని నీకు నామోషీ. అందుకని ఎవరేమన్నా ఊఁ కొట్టేస్తావు. నా పెళ్ళిలో పాస్టరుగారు "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉన్నదా?" అంటే గుడి మొత్తం నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ముందు బెంచీలోంచి పెద్దగా ఊఁ అన్నావు. పాస్టరుగారు బైబిలు మూసేశారు. అమ్మ బతికున్నంతకాలం ఆ మాట చెప్పుకుని నవ్వేది. అప్పుడు నవ్వులతో పోయింది, ఇప్పుడు జైలు దాకా వచ్చింది.

వచ్చే వాయిదాలో జడ్జిగారు నీమీద పెట్టిన నేరం చదివి, ఒప్పుకుంటావా అని అడుగుతారట. అప్పుడు ఊఁ అన్నావంటే ఏళ్ళ తరబడి లోపలే. మన లాయరు శ్యామ్ సుందర్‌గారు గట్టిగా చెప్పారు, "ముందు ఆయనకి వినపడే ఏర్పాటు చెయ్యమ్మా" అని. ఆ రోజు కల్లంలో జనం నిన్ను కొట్టినప్పుడు చెవి మీద పడ్డ దెబ్బకి నీ చెవి మిషను పాడైంది కదా. పోలీసులు కవర్లో వేసి నాకే ఇచ్చారు. చెవి వెనక కూర్చునే పెట్టె బాగానే ఉంది. దాని నెత్తిన ఉండే కొక్కెం విరిగింది. కొక్కెం నుంచి చెవిలోకి వచ్చే ట్యూబు తెగింది. చెవిలో పెట్టుకునే మౌల్డు, అదే నీ చెవికి అచ్చుపోసి చేసింది, అది నిక్షేపంలా ఉంది. అంటే కొక్కెం, ట్యూబు, బ్యాటరీలు, అంతే. కరుణాకర్ రేపు మిర్చి లోడుతో గుంటూరు యార్డుకి వెళుతున్నాడు, మిషను కూడా పట్టుకెళ్ళి సరిపోయేవి తెస్తానన్నాడు.

అఖిల తాతయ్యకి ముద్దులు అంది. మిషను వచ్చేదాకా ఎవరేం అడిగినా తల అడ్డంగా ఊపు. దణ్ణం పెడతా.

నీ కూతురు
షారోన్

---

శుక్రవారం

నాన్నా, మొండి నాన్నా,

నిన్న కోర్టులో ఎంత పని చేశావు! జడ్జిగారు నోరు తెరిచారో లేదో ఊఁ అన్నావు. ఆయనింకా నీ పేరే అడుగుతున్నారు! లాయరుగారు గబుక్కున లేచి, "అయ్యా, ఈయనకి వినపడదు. ఏది అడిగినా ఇలాగే అంటాడు. చెవి మిషను బాగుచేయిస్తున్నాం, అది పెట్టుకున్నాక అడగండి" అని బతిమాలితే ఇంకో వాయిదా ఇచ్చారు. ఇదే ఆఖరు, ఇంక పొడిగించను అన్నారు. ఆఖరు నాన్నా. అర్థమవుతోందా?

అంతకుముందు వరండాలో ఇంకోటి చూశాను. నిన్ను బల్ల మీద కూర్చోబెట్టి కానిస్టేబుల్ ఫోను చూసుకుంటున్నాడు. యాస్మిన్ తండ్రి బుడాన్ వచ్చి నీ ముందు గొంతుక్కూర్చున్నాడు. కొడతాడేమోనని నేను పరిగెత్తుకు రాబోయాను. కొట్టలేదు. నీ మోకాలు మీద చెయ్యేసి మెల్లగా ఏదో అడిగాడు. నువ్వు ఊఁ అన్నావు. ఆయన మొహం ఒక్కసారిగా వెలిగినట్టై, ఇంకా దగ్గరికి జరిగి మళ్ళీ అడిగాడు. నువ్వు మళ్ళీ ఊఁ అన్నావు. మూడోసారి కూడా అంతే. ఆయన లేచి గోడకేసి తల కొట్టుకుని వెళ్ళిపోయాడు. మొదటి వాయిదాకి కూడా ఇలాగే వచ్చి అడిగాడని లాయరుగారి గుమాస్తా చెప్పాడు. ఏం అడిగాడో నాకు వినపడలేదు. పోయి కనుక్కునే ధైర్యం లేకపోయింది. ఏ మొహం పెట్టుకుని పోను?

ఇక మిషను సంగతి. కరుణాకర్ మొదటిసారి తెచ్చిన ట్యూబు వెంట్రుకంత సన్నంగా ఉంది. దాని చివర చిన్న రబ్బరు గొడుగు. నీ మౌల్డు కన్నంలో అది పెడితే నూతిలో తాడు వేలాడినట్టుంది. ఇదేం ట్యూబయ్యా, ఇది కొద్దిగా వినికిడి తగ్గినవాళ్ళకి వాడేది, నాన్నకి లావు ట్యూబు కావాలి, పాతది చేతిలో ఉంది కదా, పక్కన పెట్టి చూసుకోలేదా అన్నాను. ఏమో వాళ్ళిచ్చారు అన్నాడు. మళ్ళీ పంపించాను. రెండోసారి కొక్కెం తెచ్చాడు, నొక్కితే కూర్చునే రకం. నీది మరతో బిగించే రకం. కొక్కెం మూతిని మిషను మూతి మీద పెట్టి బలవంతంగా నొక్కబోయాడు. ఆ మర గనక అరిగిందంటే ఇంక మిషను మొత్తం చెత్తబుట్టకే. చేతిలోంచి లాక్కున్నాను. బ్యాటరీలేమో నారింజ స్టిక్కరువి తెచ్చాడు. నీకు నీలం స్టిక్కరువి, కాస్త పెద్దవి. నారింజవి లోపల వేస్తే గిలక్కాయలా ఆడుతున్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా కుట్టు మిషనుకి బాబిను మారితే దారం తెగుతుందని పెళ్ళైన కొత్తలోనే చెబితే, ఇప్పటిదాకా ఒక్కసారీ తప్పు బాబిను తేలేదు ఆ మనిషి. ట్రాక్టరు బోల్టు అయితే కళ్ళు మూసుకుని సైజు చెబుతాడు. అలాంటివాడు ఇన్ని తప్పులు చేస్తాడా? అడిగితే, "ఆ మోడలే ఆపేశారంటే. దొరకవు. ముసలాయనకి వినపడినా వినపడకపోయినా లాయరే కదే మాట్లాడేది" అన్నాడు. ఆ మాటకి నేను గరిట విసిరాను. తగల్లేదులే.

రేపు నేనే గుంటూరు వెళుతున్నాను. అఖిలని పక్కింటి సుబ్బరావమ్మత్త దగ్గర వదిలి పొద్దున బస్సుకే పోతా. ఆ సామాను ఈ భూమ్మీద ఎక్కడున్నా తెస్తాను. నువ్వు లోపల బాగా తిను. మొన్న మెడ దగ్గర ఎముకలు కనపడ్డాయి.

నీ
షారోన్

---

ఆదివారం, గుడి నుంచి వచ్చాక

నాన్నకి,

ఈ ఉత్తరంతోపాటు లాయరుగారు నీకు ఒక చిన్న డబ్బా ఇస్తారు. జైలు డాక్టరుగారు చూసి ఒప్పుకున్నాకే నీ చేతికొస్తుంది. అందులో నీ చెవి ఉంది. సరిగ్గా నీదే.

కొత్తపేటలో మెట్లెక్కి వెళితే చెవి మిషన్ల షాపు. అక్కడ కూర్చునే ఆవిడ పేరు జ్యోతిర్మయి. నేను కవరు విప్పి బల్ల మీద పెట్టగానే, "ఇదేంటండీ, మళ్ళీ వచ్చింది?" అంది. నాకు అర్థం కాలేదు. "మీవారే కదండీ, పొట్టిగా, ఉంగరాల జుట్టు? ఈ మిషను తెచ్చారు. నేను నంబరు చూసి మర కొక్కెం, లావు ట్యూబు, నీలం బ్యాటరీలు కట్టిచ్చాను. కాసేపటికి ఆయనే వెనక్కి వచ్చి, ఇవి వద్దు, సన్న ట్యూబు ఇవ్వండి అన్నారు. ఇది దానికి పట్టదండీ అంటే, ఫర్లేదు, ఇంకో మిషనుకి అన్నారు. రెండోసారి కూడా అంతే, కావాలని నొక్కుడు కొక్కెం పట్టుకెళ్ళారు" అంది.  ఆమె నాకు మంచినీళ్ళు ఇచ్చింది.

అదలా ఉంచుతాను. ముందు మిషను సంగతి చెప్పి మళ్ళీ అక్కడికొస్తా.

కొక్కెం బిగించేసరికి ఎక్కడిదక్కడ కూర్చుంది. ట్యూబు దగ్గర చిక్కొచ్చింది. దాన్ని మనిషి చెవి మీదే కొలిచి కత్తిరించాలట. పొడుగైతే మిషను చెవి మీంచి జారుతుంది, పొట్టైతే మౌల్డుని పైకి లాగి ఈల వేస్తుంది. "మీ నాన్నగారిని తీసుకురండి" అంది. రాలేడండీ అన్నాను. "మంచం మీద ఉన్నారా?" అంది. జైల్లో ఉన్నాడు అన్నాను.  పాత ట్యూబు చూద్దామంటే అది ఎండి కుంచించుకుపోయి ఉంది, సగం ముక్క లేనే లేదు. అప్పుడు నాకు అమ్మ మాట గుర్తొచ్చింది. "మొహం నాది, చెవులు మాత్రం అచ్చం మీ నాన్న ఏసోబువి" అని నన్ను ఏడిపించేది కదా. మౌల్డు మీద ఎర్ర చుక్క ఉంటే కుడి చెవిదట. తీసి నా కుడి చెవిలో పెట్టుకున్నాను. కొంచెం వదులు, అంతే. ఆమె కూడా ఆశ్చర్యపోయింది. నా చెవి మీద కొలిచి, గుర్తు పెట్టి, కత్తిరించి, మౌల్డులోకి లాగి అతికించింది. వంపు ముందుకి చూడాలి, చెంప వైపు, మర్చిపోకు.

బ్యాటరీ వేసి పనిచేస్తుందో లేదో చూడమంది. బాబోయ్, ఎంత చప్పుడు నాన్నా ఈ లోకం. ఫ్యాను తిరగడం, కింద ఆటో హారను, ఆమె గాజులు, నా ఊపిరి నాకే. ఇంత చప్పుడు మోసుకుంటూ తిరిగేవాడివా నువ్వు? రాత్రి పూట తీసి డబ్బాలో పెట్టుకుంటూ "హమ్మయ్య" అనేవాడివి, ఇప్పుడర్థమైంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. ఇంటికొచ్చి కరుణాకర్‌కి అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగాను. షాపావిడ ఇలా అంది, ఏమంటావు అని. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. "ఆమె అబద్ధం చెబుతోంది" అన్నాడు. ఆమెకి అవసరమేంటి అన్నాను. "నాకు తెలీదే, నన్నొదిలేయ్" అని కంచంలో చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. నా మొహం చూడలేదు. ఇవాళ గుడికి కూడా రాలేదు.

నాన్నా, నేను వెర్రిదాన్ని కాదు. నువ్వు వినకూడదని ఎవరు కోరుకుంటారు? ఎందుకు కోరుకుంటారు?  ఆ ఆలోచనతో కుట్టు మీద కూర్చుంటే సూది వేల్లో దిగింది. నేను అడిగేది ఒక్కటే. ఆ సాయంత్రం కరుణాకర్ ఎక్కడున్నాడు? నాకు నిజం రాయి. నేను బాధపడతానని, అఖిల ఉందని, ఇవేవీ చూడకు. నాకు అబద్ధం వద్దు. ఈసారి కూడా ఊఁ అని ఊరుకున్నావంటే నేను చచ్చేదాకా నీతో మాట్లాడను.

మంగళవారం వాయిదా. వెనక బెంచీలో ఉంటాను.

షారోన్

---

బుధవారం
జైలు

నా బంగారు తల్లి షారోన్‌కి,

దేవుడు నిన్ను కాయాలి. నా రాత బాగోదు, నీకు తెలుసు. ఐదో తరగతి వాడి రాత. కూడబలుక్కుని చదువుకో.

నిన్న కోర్టులో నేను జడ్జిగారికి కరుణాకర్ పేరు చెప్పినప్పుడు వెనక్కి తిరిగి నిన్ను చూడలేదు. చూస్తే చెప్పలేనని చూడలేదు. చెప్పాక చూశా, బెంచీ ఖాళీగా ఉంది. చెప్పుల చప్పుడు మాత్రం వినపడింది. మిషను అంత బాగా పనిచేస్తోంది.

నువ్వు అడిగినదానికి మొదట జవాబు రాద్దామని కాగితం అడిగి తీసుకున్నా. నీ అనుమానం తప్పమ్మా, అల్లుడు మంచోడు, వాడు ఆ చుట్టుపక్కలే లేడు అని రాద్దామనుకున్నా. రాయలేకపోయా. అబద్ధం నోటితో చెప్పడం తేలిక, ఊఁ అంటే చాలు. అదే చేత్తో అక్షరం అక్షరం కూడి రాయాలంటే చెయ్యి సాగలేదు. అయినా కోర్టులో ఊఁ అందామనే పోయా. నీ మిషను చెవికి పెట్టుకుని కూడా ఆ మాట మీదే పోయా. ఇది నిజం.

ఆ సాయంత్రం నేను బోరు దగ్గర బిందె నింపుతున్నా. కల్లంలోకి వచ్చేతలికి అంతా అయిపోయింది. ఆ పిల్ల ట్రక్కు కింద ఉంది. చుట్టూ మిరపకాయలు, ఏది కాయో ఏది నెత్తురో తెలియలా. కరుణాకర్ ఇంకా స్టీరింగు మీద ఉన్నాడు. వాడి రెండు చెవుల్లోనూ ఆ వైర్లు ఉన్నాయి. ఒళ్ళో ఫోను మీద పాట నడుస్తానే ఉంది. ఆ పిల్ల ఎంత అరిచిందో, ఏమని అరిచిందో వాడికి తెలియదు. దేవుడు రెండు చెవులు బాగా ఇస్తే వాడే మూసుకున్నాడు.

దిగొచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు. ట్రాక్టరు మోతలో నాకు వాడి మాటలు సరిగా అందలా గానీ నీ పేరు మాత్రం పెదాల మీద తెలిసింది. అప్పటికి ఇంకా ఎవరూ రాలా, కూలీలందరూ గుడిసెల దగ్గర వంటల్లో ఉన్నారు. నువ్వు పో అని చేత్తో చూపించా. నేనెక్కి సీట్లో కూర్చున్నా. తర్వాత జనం వచ్చారు, కొట్టారు, మిషను విరిగింది. ఎస్సైగారు అడిగింది నాకు వినపడలా. కానీ ఏం అడుగుతాడో తెలుసు కదా. నువ్వు అనుకుంటున్నట్టు అది అలవాటు ఊఁ కాదమ్మా. నా బతుకులో అర్థం తెలిసి కొట్టిన ఊఁ అదొక్కటే.

నాకెటూ వినపడదు. చప్పుడు లేని మనిషికి జైలైతే ఏంది, కల్లమైతే ఏంది. నీకు మొగుడుంటాడు, అఖిలకి తండ్రుంటాడు. పోయిన పిల్ల ఎటూ రాదు. ఇట్టా లెక్క వేసుకున్నా. మిషను లేనన్నాళ్ళు ఆ లెక్క సరిగ్గానే ఉంది. ఎవరి ఏడుపూ నాకు వినపడలా. ఎంత సుఖంగా ఉన్నానో చెబితే నువ్వు అసహ్యించుకుంటావు. నీ ఉత్తరంలో తప్పు సామాను సంగతి చదివినప్పుడే నాకు తెలిసిపోయింది, మిషను రాకుండా అడ్డం పడుతోంది వాడేనని. వాడి భయం అదే, ఈ ముసలోడికి వినపడితే ఏదో ఒకటి వింటాడు, విన్నాక నోరు ఆగదని. నాకు వాడి మీద కోపం రాలా. ఆ మాటకొస్తే వాడికి నన్ను నాకంటే బాగా తెలుసు.

నిన్న వరండాలో కూర్చోబెట్టారు. బుడాన్ వచ్చాడు. ఎప్పట్లాగే నా ముందు కూర్చుని మోకాలు మీద చెయ్యి వేశాడు. ఈసారి వినపడింది.

"అన్నా, నా బిడ్డ పోయేముందు ఏమన్నా అనిందా?"

ఇంతకుముందు రెండుసార్లూ అడిగింది ఇదేనని ఆయనే చెప్పాడు షారోనూ. ఏమన్నా అనిందా అంటే నేను ఊఁ అన్నా. ఏమనింది అన్నా, చెప్పు అంటే ఊఁ అన్నా. నన్ను తలుచుకునిందా అంటే ఊఁ అన్నా. ఇన్నాళ్ళూ ఆయన ఏమనుకుంటున్నాడో తెలుసా? బిడ్డ ఆఖరి మాట నా దగ్గర ఉంది, నేను దాచుకుని చెప్పట్లేదు, పగబట్టి చెప్పట్లేదు అనుకుంటున్నాడు. "వాళ్ళమ్మ రోజూ ఫోను చేసి అడుగుతాది అన్నా. ఆ మనిషికి తెలుసంట, ఈసారి చెప్తాడులే అని చెప్తాండా. నీ మీద నాకు కోపం లేదు. కేసు ఏమన్నా చేసుకోనీ. ఆ మాట ఒక్కటి ఇచ్చేయ్" అన్నాడు.

నేనేం ఇచ్చేది? నా దగ్గర లేదు. నేను బోరు దగ్గర ఉన్నా. ఉన్నవాడి చెవుల్లో పాట ఉంది. ఆ పిల్ల ఏమని అరిచిందో ఈ భూమ్మీద ఏ ఒక్కరూ వినలా. అబ్బా అందో, నాన్నా అందో, ఏమీ అనలేదో. నిన్ను తలుచుకుందయ్యా అని ఒక మాట కల్పించి చెబుదామా అని కూడా అనుకున్నా. చెబితే మనశ్శాంతిగా పోయేవాడేమో. కానీ ఆయన అంత దగ్గరగా నా నోటి వైపే చూస్తున్నాడు. నేను జనం నోళ్ళ వైపు ఎట్టా చూస్తానో అట్టాగే చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. ఆ చూపుకి అబద్ధం చెప్పలేకపోయా.

"నేను లేనయ్యా అక్కడ. బండి తోలింది నేను కాదు. నాకు తెలియదు" అన్నా.  ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. "అయితే ఎవురికీ తెలీదా?" అన్నాడు. ఎవరికీ తెలియదయ్యా అన్నా.  నా పేరు పిలిచేదాకా ఆయన చెయ్యి నా మోకాలి మీదే ఉంది.

లోపల జడ్జిగారు నేరం చదివారు. ప్రతి మాటా వినపడింది. ఒప్పుకుంటున్నావా అన్నారు. నా జన్మలో మొదటిసారి నాకు ఊఁ రాలా. కాదండయ్యా అన్నా, జరిగింది జరిగినట్టు చెప్పా. మళ్ళీ దర్యాప్తు చెయ్యమని పోలీసులకి చెప్పారు. ఈ ఉత్తరం నీ చేతికొచ్చేతలికి కరుణాకర్ ఇంట్లో ఉండకపోవచ్చు. నీ ఇల్లు నేనే కూల్చానమ్మా. అది నేను కాదనను. అఖిల నాన్నేడని అడిగినప్పుడు నువ్వేం చెబుతావోనని రాత్రంతా కూర్చున్నా. నువ్వు వెతికి వెతికి, నీ చెవి మీద కొలిచి పంపిన ట్యూబులోంచే ఇదంతా నీ నెత్తిన వచ్చిపడింది. అది పట్టకుండా ఉంటే బాగుండేదని నీకు అనిపిస్తే నేను తప్పు పట్టను.

నీ పెళ్ళిలో నేను ఊఁ అన్న ముచ్చట రాశావు. మీ అమ్మ నవ్వేది, నువ్వూ నవ్వావు. నేను కూడా నవ్వా గానీ పాస్టరుగారు ఏం అడిగారో నాకు ఇవాళ్టిదాకా ఎవరూ చెప్పలా. నీ ఉత్తరంలో చదివి తెలుసుకున్నా.

నువ్వు నాతో మాట్లాడనని రాశావు, నేను ఊఁ అని ఊరుకుంటే. ఊరుకోలేదు కదా. కోర్టులోంచి ఒక్క మాట అనకుండా ఎందుకు వెళ్ళిపోయావు? నీకు కోపం ఉంటుంది. ఉండాలి. ఆదివారం ములాఖత్ ఉంది. వచ్చి జాలీ దగ్గర నిలబడి, నీ నోటికి ఎంతొస్తే అంత తిట్టు. నా కొంప ముంచావని కేకలెయ్యి. ఏడువు. ఎంత చిన్నగా అన్నా వినపడుద్ది, నీలం బ్యాటరీ కొత్తదే వేసి ఉంచా. యాస్మిన్ జాకెట్టు నీ దగ్గరుందన్నావు కదా, అది బుడాన్‌కి ఇచ్చిరా. చేతులు సరిచేసి ఇవ్వు.

రా అమ్మా. మొత్తం వింటా. ఊఁ కొట్టను.

మీ నాన్న
ఏసోబు